మెరక ఎవరికి, పల్లం ఎవరికి? బేస్‌మెంట్ కింద దాక్కున్న కులం లెక్క

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. ఆ డబ్బు ఒకేసారి రాదు. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష, ఆ తర్వాత గోడలకు, స్లాబుకు, చివరి పనులకు విడతలవారీగా మిగతాది అని ప్రకటించారు. అంటే సర్కారు లెక్క బేస్‌మెంట్ నుంచి పైకి మొదలవుతుంది. బేస్‌మెంట్ కింద ఉన్న మట్టి సంగతేమిటి? ఆ జాగా పల్లంలో ఉంటే దానికి మెరక ఎవరు వెయ్యాలి? మొరం ఎవరు తోలాలి? రోలర్ ఎవరు తిప్పాలి? ఈ ప్రశ్నకు పథకంలో గడి లేదు.

గడి లేని ఖర్చు లేనట్టు కాదు. అది పేదవాళ్ల నెత్తిన పడుతుంది. అందులోనూ ఎవరి జాగా పల్లంలో ఉందో వాళ్ల నెత్తిన పడుతుంది. మన ఊళ్లలో పల్లం ఎవరి వాటాకు వచ్చిందో కొత్తగా చెప్పుకోవాల్సిన పనిలేదు.

కారేపల్లి నుంచి చూస్తే ఒకవైపు కృష్ణలో కలిసే మున్నేరు, ఇంకోవైపు గోదావరి. సముద్రం ఇక్కడికి చాలా దూరం. అయినా కాకినాడ తీరాన ఇళ్ల స్థలాల కోసం పోసిన గ్రావెల్‌కూ, బూర్గంపాడులో గోదావరి ముంచిన ఇళ్లకూ, ఖమ్మంలో మున్నేరు ముంచిన కాలనీలకూ మధ్య ఒక దారం ఉంది. ఆ దారాన్ని పట్టుకుని పోతే ఇంటి జాగా ఎత్తు కూడా ఒక కులం ప్రశ్నేనని తెలుస్తుంది.

వాడ పల్లంలో ఎందుకుంది?

ఊరు కట్టుకున్నప్పుడు మెరక ఊరికి పోయింది. గుడి, దొర ఇల్లు, కరణం ఇల్లు, రచ్చబండ మెరక మీద ఉన్నాయి. మాల, మాదిగ వాడలు ఊరి నీళ్లు దిగిపోయే వైపు, చెరువు కట్ట కింద, వాగు ఒడ్డున, తోళ్లు నానబెట్టే గుంటల పక్కన మిగిలాయి. అంటరానితనం మనుషులను దూరం పెట్టడంతో ఆగలేదు, ఎత్తు తక్కువ నేలలో కూడా పెట్టింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా చూపే వాదాన్ని తిప్పికొట్టారు. వాన పడ్డ రోజు ఊరినీ వాడనూ పక్కపక్కన చూస్తే ఆ మాటలో ఎంత నిజముందో అర్థమవుతుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఈ పటాన్ని మార్చలేదు. పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చిన ప్రతిసారీ ఊళ్లో ఎవరికీ పనికిరాని నేల, ధర తక్కువ నేల, వివాదం తక్కువ నేల వెతికారు. అలా వెతికితే దొరికేది ఎక్కువగా పల్లమే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పది వేల మందికి పైగా చనిపోయారు. పూరి గుడిసెల్లో ఉన్న వ్యవసాయ కూలీలు, జాలర్లు పెద్ద సంఖ్యలో కొట్టుకుపోయారు. ఆ రోజు ప్రాణం నిలిచిందా పోయిందా అన్నది చాలాచోట్ల దగ్గరలో ఎత్తైన గట్టి కట్టడం ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడింది. ఎత్తు అంటే అలంకారం కాదు, ప్రాణం.

మెరక ఎట్లా వెయ్యాలి?

పల్లపు నేలలో ఇల్లు కట్టకూడదని కాదు. కట్టవచ్చు. దానికి ముందు నేలను సిద్ధం చెయ్యాలి. ఇది మన మేస్త్రీలకు, రోడ్డు కూలీలకు బాగా తెలిసిన పని. ఉద్యమకారులకు, విద్యార్థులకు కూడా తెలిసి ఉండాలి. పని సరిగ్గా జరిగిందో లేదో అడగడానికి అది అవసరం.

మొదట ఆ ప్రాంతానికి వచ్చిన గరిష్ఠ వరద మట్టం ఎంతో తెలుసుకోవాలి. ఇంటి నేల ఎంత ఎత్తులో ఉండాలో అదే చెబుతుంది. చుట్టూ ఉన్న నేల కంటే బేస్‌మెంట్ కనీసం 45 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. అది మామూలు నేలకు చెప్పిన కనీసం. ముంపు వచ్చే చోట లెక్క వరద మట్టం నుంచి మొదలవ్వాలి.

రెండోది, మట్టి పోసే ముందు పై పొరను తీసెయ్యాలి. గడ్డి, వేర్లు, బురద, చెత్త ఉన్న నేల మీద మొరం పోస్తే కింద కుళ్లిన పొర కుంగుతుంది. నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మూడోది, మొరాన్ని ఒకేసారి గుట్టగా పోసి జేసీబీ బకెట్‌తో సర్దితే మెరక అవ్వదు. జానెడు మందం పొరలుగా పరచాలి, తగినంత నీళ్లు కొట్టాలి, రోలర్ తిప్పాలి, ఆ పొర గట్టిపడ్డాకనే పై పొర వెయ్యాలి. గట్టిపడిందో లేదో చెప్పడానికి ఇంజనీరింగ్ విభాగాల దగ్గర పరీక్ష ఉంది. రహదారి కట్టేటప్పుడు ఆ పరీక్ష చేస్తారు. పేదల కాలనీలోనూ చెయ్యాలి.

నాలుగోది, మెరక అంచులు నిటారుగా ఉండకూడదు. వాలుగా ఉండాలి, రాతి కట్టుతోనో గడ్డితోనో కాపాడాలి. లేకపోతే మొదటి వరదకే అంచు జారిపోతుంది. ఐదోది అన్నిటికంటే ముఖ్యం. నీళ్లు ఎటు పోవాలో ముందే తేల్చాలి. కాలువ, తూము లేకుండా వేసిన మెరక నీళ్లను పోగొట్టదు, పక్క వాళ్ల ఇంట్లోకి తోస్తుంది.

ఈ ఐదింటిలో ఏది తప్పినా ఫలితం రెండు మూడు వానాకాలాల్లో కనబడుతుంది. గచ్చు కుంగుతుంది. గోడ మూలల నుంచి ఏటవాలుగా చీలిక వస్తుంది. అప్పుడు అధికారి వచ్చి లబ్ధిదారుడు నాసిరకంగా కట్టుకున్నాడని రాసుకుపోతాడు. నేల కింద జరిగిన తప్పు గోడ కట్టినవాడి మీద పడుతుంది.

25 ట్రాక్టర్ల మట్టి

కొంచెం లెక్క వేద్దాం. సెంటున్నర స్థలం అంటే 72.6 గజాలు, సుమారు 653 చదరపు అడుగులు. దాన్ని 3 అడుగులు ఎత్తు చెయ్యాలంటే గట్టిపడిన మట్టి 1,960 ఘనపుటడుగులు కావాలి. వదులుగా తోలిన మట్టి రోలర్ కింద అణుగుతుంది కాబట్టి పావు వంతు ఎక్కువ తోలాలి. అంటే 2,450 ఘనపుటడుగులు. ట్రాక్టర్‌కు 100 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే దాదాపు 25 ట్రాక్టర్ల మొరం.

ట్రాక్టర్ వెయ్యి రూపాయలని మాట వరసకు అనుకున్నా 25 వేలు. ఇందులో రోలర్ లేదు, నీళ్ల ట్యాంకర్ లేదు, రాతి కట్టు లేదు. 2025–26లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 25 వేలు అంటే ఒక మనిషి 81 రోజుల కూలి. ఇందిరమ్మ ఇంటి మొదటి విడతలో నాలుగో వంతు. ఆ విడత కూడా బేస్‌మెంట్ అయ్యాకనే వస్తుంది. కాబట్టి మెరకకు పెట్టాల్సిన డబ్బు సర్కారు మొదటి రూపాయి కంటే ముందు కావాలి.

మెరక జాగా ఉన్నవాడు ముగ్గు పోసుకుని నేరుగా పునాది తవ్వుతాడు. పల్లం జాగా ఉన్నవాడు ముందు అప్పు చేస్తాడు. ఇద్దరికీ పథకం ఒక్కటే, మొత్తం ఒక్కటే. కాగితం మీద సమానత్వం ఉంది. నేల మీద 25 ట్రాక్టర్ల తేడా ఉంది. అప్పు పుట్టనివాడు మెరక లేకుండానే కడతాడు, లేదా తన పేరున వచ్చిన ఇంటిని వదులుకుంటాడు.

కోస్తా చెప్పే పాఠం

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకం మొదలైంది. 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేలకు పైగా లేఅవుట్లు. ఊళ్లలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పట్టా ఆడవాళ్ల పేరున రావడం చిన్న విషయం కాదు. లక్షల దళిత కుటుంబాల చేతికి మొదటిసారి ఒక కాగితం వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మనకు పొత్తు లేదు.

అందుకే నేల గురించి గట్టిగా అడగాలి. గోదావరి డెల్టాలో, తీరంలో అంత భూమిని తక్కువ కాలంలో సేకరించడానికి ఏ నేల ఎంచుకున్నారు? కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవులను కొట్టి, ఆ నేలను ఇళ్ల స్థలాల కోసం పూడ్చడం మొదలుపెట్టారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. మడ అడవులు 2019 తీర ప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన ప్రకారం అత్యంత రక్షణ ఉన్న శ్రేణిలోకి వస్తాయి. ఉప్పెన వేగాన్ని తగ్గించేవి అవే. వాటిని నరికి అక్కడే పేదలకు ఇళ్లు ఇవ్వడం అంటే కాపలా గోడను పడగొట్టి ఆ గోడ నిలిచిన చోటే మంచం వేసినట్టు.

రాజమహేంద్రవరం దగ్గర కోరుకొండ మండలం బూరుగుపూడిలో ఆవ భూములు కొన్నారు. ఆ ప్రాంతపు రైతును అడిగితే ఆవ అంటే ఏమిటో చెబుతాడు. చుట్టూ మెట్ట నుంచి వచ్చే నీళ్లు నిలబడే పల్లం అది. పేరులోనే నీళ్లున్న నేల. పేదలకు ఇళ్ల స్థలాలంటూ ఆ నేలకు భారీ ధర చెల్లించారన్న వివాదం హైకోర్టుకు చేరింది. ఇక్కడ లాభం ఎవరికి పోయిందో చూడండి. ఎవరూ ఇల్లు కట్టుకోని పల్లానికి అమ్మినవాడికి మంచి ధర వస్తుంది. మెరక వేసే కాంట్రాక్టరుకు బిల్లు వస్తుంది. చివర్లో మిగిలిన ముంపు పట్టాదారు పేరున నమోదవుతుంది.

ఇంకో సంగతి కూడా మరువకూడదు. చాలాచోట్ల లేఅవుట్ల కోసం దళితులు ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న అసైన్డ్ భూములనే వెనక్కి తీసుకున్నారు. ఒక దళితుడి సాగు భూమిని తీసి ఇంకో దళితుడికి సెంటున్నర ఇస్తే భూమి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయినట్టు? ఊళ్లో వందల ఎకరాలున్నవాళ్ల మెరక మాత్రం అలాగే ఉంది.

సర్కారుకు నీళ్లతో పోరాడటం చేతకాదా అంటే, బాగా చేతనవును. అమరావతిని కొండవీటి వాగు ముంపు నుంచి కాపాడటానికి ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు తోడే ఎత్తిపోతల పథకం కట్టారు. 2018లో ప్రారంభించారు. ఖర్చు 200 కోట్లు దాటింది. రాజధాని భూమి విలువ కోసం ఒక వాగునే ఎత్తి కృష్ణలో పోసే ఇంజనీరింగ్ మన దగ్గర ఉంది. వాడ పక్కన ఉన్న మురుగు కాలువకు తూము పెట్టే ఇంజనీరింగ్ లేదంటే ఎవరు నమ్ముతారు?

మన ఖమ్మం, మన భద్రాచలం

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. భద్రాచలంలో లోతట్టు కాలనీలు, నది అవతల బూర్గంపాడు, సారపాక మునిగాయి. ఆ మరునాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి వరద బాధితులకు ఎత్తైన చోట శాశ్వత కాలనీ కడతామని, 1,000 కోట్లు ఇస్తామని ప్రకటించారు. ఆ మాట ఇళ్లుగా మారకముందే ప్రభుత్వం మారింది.

ఎత్తైన చోటు అనడం తేలిక. 2014లో పోలవరం ముంపు పేరుతో పాత ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం చుట్టూ ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలు కూడా పోయాయి. పట్టణానికి పెరగడానికి జాగా లేదు. కుక్కునూరు, వేలేరుపాడు ఆదివాసీలు, దళితులు ఇప్పటికీ 41.15 మీటర్ల కాంటూరు లోపలా బయటా అన్న మాట మీద బతుకుతున్నారు. మొదటి దశ పునరావాసం ఆ గీత దాకానే. ప్రాజెక్టు పూర్తి నీటి మట్టం 45.72 మీటర్లు. గీత కాగితం మీద ఆగుతుంది, వరద ఆగదు. గీత అవతల ఉన్నామని చెప్పిన ఊళ్లు కూడా 2022లో నీళ్లు చూశాయి.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. బొక్కలగడ్డ, వెంకటేశ్వరనగర్, ప్రకాశ్‌నగర్, జలగంనగర్... ఇళ్ల కప్పుల దాకా నీళ్లు వచ్చిన చోట్లున్నాయి. మునిగినవాటిలో రాజీవ్ గృహకల్ప కాలనీ కూడా ఉంది. ఈ పేరు దగ్గర ఆగాలి. అది వాగు ఒడ్డున ఎవరో ఆక్రమించి వేసుకున్న గుడిసెల వరస కాదు. సర్కారు పథకం, సర్కారు పేరు పెట్టిన కాలనీ. ముంపు వచ్చినప్పుడల్లా పేదలు నాలాలు, వాగులు ఆక్రమించారని పాడే పాటకు ఆ కాలనీ గోడల మీది బురద మరకే జవాబు.

మెరక వేసిన అన్యాయం

మెరక వెయ్యడం అన్నిసార్లూ మంచిది కాదు. ఎవరి పక్కన ఎవరు వేశారన్నది చూడాలి. ఊళ్లో ప్రైవేటు వెంచర్ పడుతుంది. పొలాన్ని నాలుగు అడుగులు లేపుతారు. ఇంతకాలం ఆ పొలంలో నిలిచి ఇంకిపోయిన వాన నీళ్లు పక్కనున్న వాడలోకి దిగుతాయి. వాడ కదల్లేదు, దాని చుట్టూ నేల లేచింది. వాడ గిన్నెలా మిగిలింది.

సీసీ రోడ్డు సంగతీ అంతే. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. పదేళ్లలో రెండుసార్లు పోస్తే రోడ్డు ఇంటి గడప కంటే పైకి వస్తుంది. ఇందిరా ఆవాస్ కాలంలో కట్టిన ఇళ్లలోకి మెట్లు దిగి పోవాల్సిన వాడలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అభివృద్ధి లెక్కలో ఆ రోడ్డు ఎస్సీ నిధుల ఖర్చుగా కనిపిస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు అది నీళ్లను లోపలికి పంపే కట్ట.

మొరం ఎక్కడి నుంచి వస్తుందన్నదీ మన ప్రశ్నే. అడవి అంచు గుట్టలు, అసైన్డ్ భూములు, చెరువు శిఖాలు తవ్వి తోలుతారు. ఒకచోట మెరక కావడానికి ఇంకోచోట గుంత అవుతుంది. ఆ గుంతల్లో వానాకాలం ఈతకు దిగి పిల్లలు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పశువులు కాసేవాళ్ల పిల్లలు, కూలికి పోయినవాళ్ల పిల్లలు. మెరక కావాలని అడిగేటప్పుడు ఆ గుంతను పూడ్చే బాధ్యత, కంచె వేసే బాధ్యత కూడా అదే బిల్లులో రాయించాలి.

ఏం అడగాలి?

మొదటిది, ఇళ్ల పథకాలన్నిటిలో నేల సిద్ధం చేసే ఖర్చుకు విడిగా ఒక విడత ఉండాలి. అది పునాదికి ముందే రావాలి. జాగా ఎంత పల్లంలో ఉంటే అంత ఎక్కువ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1.80 లక్షల సాయంతో సగంలో ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామని 2025లో ప్రకటించారు. అదనపు సాయం కులాన్ని బట్టి ఇవ్వగలిగినప్పుడు నేల ఎత్తును బట్టి కూడా ఇవ్వవచ్చు.

రెండోది, నిధులు లేవన్న మాట చెల్లదు. తెలంగాణలో 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం ఉంది. జనాభా నిష్పత్తిలో నిధులు పెట్టాలని ఆ చట్టాలు చెబుతున్నాయి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08 శాతం. ఆ డబ్బును అందరికీ ఇచ్చే పథకాల్లో వాటాగా చూపించి సర్దేసే బదులు, వాడల మెరకకు, కాలువలకు, తూములకు పెట్టాలి.

మూడోది, స్థలం ఎంచుకునే ముందు గరిష్ఠ వరద మట్టాన్ని గ్రామసభ ముందు పెట్టాలి. ఆ స్థలం దానికి ఎంత పైనో ఎంత కిందో పట్టా మీదే రాయాలి. నాలుగోది, ఏ వెంచర్‌కు అనుమతి ఇచ్చినా పక్కనున్న వాడలోకి నీళ్లు దిగవని తేల్చాకే ఇవ్వాలి. కొత్త సీసీ రోడ్డు పాత మట్టాన్ని మించకూడదు.

ఐదోది విద్యార్థులకు. ఈ లెక్కలు ఎవరో ఇస్తారని ఆగొద్దు. మేస్త్రీ వాడే లెవెల్ పైపు చాలు. నీళ్లు నింపిన సన్నని పారదర్శక గొట్టం అది. ఒక కొస గుడి గడప దగ్గర, ఇంకో కొస వాడలో ఇంటి గడప దగ్గర పట్టుకుంటే తేడా ఎంతో అంగుళాల్లో తెలుస్తుంది. దూరం ఎక్కువైతే కొంచెం కొంచెంగా కొలుచుకుంటూ పోవచ్చు. గోడ మీద మిగిలిన వరద మరక ఎత్తు రాసుకోండి. రోడ్డు ఎత్తు, గచ్చు ఎత్తు, కాలువ ఎత్తు రాసుకోండి. లేఅవుట్ మెరక అంచనా, కొలతల పుస్తకం, మట్టి గట్టిదనం పరీక్ష ఫలితం సమాచార హక్కు చట్టం కింద అడగండి. బిల్లులో రాసిన మట్టి ఎంతో, నేల మీద ఉన్న మట్టి ఎంతో పోల్చండి. ఒక్కో వాడకు ఒక పటం తయారైతే, పల్లం ఎవరికి వచ్చిందన్న మాట ఆరోపణగా మిగలదు, కొలతగా నిలబడుతుంది.

1927లో మహద్ చవదార్ చెరువు దగ్గర మన పెద్దలు నీళ్లు ముట్టుకునే హక్కు కోసం నిలబడ్డారు. నూరేళ్లు కావస్తోంది. ఇప్పుడు అడగాల్సింది ఆ నీళ్లు మన పొయ్యి మీదికి, మన పిల్లల పుస్తకాల మీదికి, మన పట్టా కాగితాల మీదికి రాకుండా ఉండే హక్కు. దానికి కావాల్సింది ఇంటికి 25 ట్రాక్టర్ల మొరం, ఒక రోలర్, ఒక తూము. వచ్చే వానాకాలం లోపు ఏ వాడలో ఆ పని మొదలైందో, ఏ వాడలో మొదలు కాలేదో పేరు పేరునా అడుగుదాం.